కుప్పాయి అన్న పేరు

"కుప్పాయి అంటే జనం నవ్వుతారని నాకు తెలుసమ్మా. నవ్వనీ," అంటోంది మలర్ ఫోనులో.

వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న కుప్పాయి చేతులు ఆగిపోయాయి. కోడలు ఫోనులో తన పేరెత్తడం ఇది మొదటిసారి కాదు. తను లోపలికి వెళ్తే చాలు, మాట మార్చేస్తుంది.

"ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"మా అమ్మతో అత్తా. ఊరికే."

ఊరికే ఎందుకవుతుంది? తమిళంలో కుప్ప అంటే చెత్త. తమ ఊరు మారండహళ్ళిలో కుర్రాళ్ళు నచ్చని సినిమానూ 'సుద్ద కుప్ప', ఒట్టి చెత్త అంటారు, ఓడిపోయిన క్రికెట్ జట్టునూ అంటారు. మొన్న బస్సులో ఎవరో అడిగితే పేరు చెప్పింది. వెనక సీటులో పిల్లలు కిసుక్కుమన్నారు. తనకు ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కకపోతే, చావు కన్ను పడకూడదని అమ్మ తనను చెత్తకుప్ప మీద దొర్లించి పెట్టిన పేరది. ఆ పిల్లలకేం తెలుసు?

కొడుకు రవిచంద్రన్‌ను అడిగింది. "నీ పెండ్లాము నన్ను కుప్ప అంటా ఉండాదా?"

"అట్ల ఏమీ లేదుమ్మా," అన్నాడతను, ముఖం చూడకుండా.

అయితే వీడికీ తెలుసు.

మరోరోజు మలర్ మాట ఇంకోటి చెవిన పడింది. "కాన్పు అయ్యేదాకా అత్తకు చెప్పొద్దు. ఆమె ఒప్పుకోదు."

తనను ఇంట్లోంచి సాగనంపబోతున్నారు. అంతకంటే ఏముంటుంది? పుట్టిన ఇద్దరు బిడ్డలూ పోయి మలర్ మంచం పట్టినప్పుడు, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది తను. నిలదీద్దామనుకుంది. నిండు నెలల మనిషితో గొడవెందుకని ఊరుకుంది. బిడ్డను ఒకసారి చూసి, ఏరియూరులో చెల్లెలింటికి వెళ్ళిపోదామని చీరలు సంచిలో సర్దుకుంది.

ధర్మపురి ఆసుపత్రిలో మలర్‌కు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారని రవిచంద్రన్ వచ్చి చెప్పాడు. కుప్పాయి సంచి చంకన పెట్టుకుని వార్డు గుమ్మం దాకా వెళ్ళింది.

"కుప్పాయీ, ఇట్ల చూడు," లోపలి నుంచి మలర్ గొంతు.

అత్తను పేరు పెట్టి పిలిచేదాకా వచ్చిందా?

"ఏమని పిలిస్తివి నన్ను?" అంది గుమ్మంలోనే నిలబడి. "ఇంకొకసారి అను. విని పోతా."

మలర్ ఉలిక్కిపడి తలెత్తింది. ఒడిలో గుడ్డ చుట్టిన బిడ్డ కళ్ళు తెరిచి చూస్తోంది.

"నిన్ను కాదత్తా, దీన్ని."