లెక్కల మాస్టారి దుఃఖం

లెక్కల మాస్టారు మళ్లీ ఏడ్చాడు.

పొద్దున్నే స్టాఫ్ రూములో ప్రార్థన. అందరూ తలలు వంచారు. "ఒంటరివాణ్ణి చేశావా ప్రభువా" అంటూ ఆయన భోరుమన్నాడు. ముక్కు చీదిన రుమాలుతోనే కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ చేత్తోనే అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

కొత్త టీచరు చెయ్యి కొంగు కింద దాచుకుంది.

దేశం కాని దేశంలో మిషన్ స్కూలు. ప్రిన్సిపాలు మన భాషవాడే. "మా సంఘంలో అమ్మాయండీ, కొత్తగా విశ్వాసంలోకి వచ్చింది" అని మాస్టారు చెప్పబట్టే ఆమెను చిన్నపిల్లల క్లాసుకు తీసుకున్నాడు. టర్ము ఆఖరుకు ఉద్యోగం ఖాయం చేయాలి. చేయకపోతే పెట్టె సర్దుకోవడమే. సొంత ఊళ్లో ఉన్న ఉద్యోగం వదిలేసి వచ్చింది. వెనక్కి వెళితే చేతిలో ఏమీ లేదు.

ఆమెకిచ్చిన గది మెట్ల కింద ఉంది. గోడ చెమ్మకు ఉబ్బి పెచ్చులుగా రాలుతోంది. బాత్‌రూము వార్డెనుతో కలిపి. తూములో ఎప్పుడూ ఎవరివో వెంట్రుకలు. మాస్టారికి మాత్రం పై అంతస్తులో రెండు గదులు, బాల్కనీ. పెళ్లాం పోయిన దుఃఖంలో ఉన్నవాడికి గాలి తగలాలని ప్రిన్సిపాలే ఇప్పించాడు.

మధ్యాహ్నమైతే ఓదార్పు కూరలు వచ్చేవి. ఎక్కువగా పాటల టీచరే తెచ్చేది. నోట్లో నాలుక లేని మనిషి. డబ్బా ఆయన ముందు పెట్టి, తలెత్తకుండా వెళ్లిపోయేది.

"ముద్ద దిగడం లేదమ్మా" అనేవాడు మాస్టారు. అని, డబ్బా ఖాళీ చేసేవాడు. అంచులకు అంటుకున్నది వేలితో గీకి నాకేవాడు. కళ్లు ఇంకా ఎర్రగా ఉండగానే త్రేన్చేవాడు.

ఒకరోజు బట్టలుతికే చోట కొత్త టీచరును వార్డెను పట్టుకుంది.

"ఏమ్మా, మెడ బోసిగా ఉంది. పెళ్లి కాలేదా?"

"అయిందండీ."

"మరి ఆయనో?"

"ఉద్యోగంలో ఉన్నాడు."

"నిన్నొక్కదాన్నే పంపాడా ఇంత దూరం?"

"ఆయన చెబితేనే వచ్చాను."

"ప్రభువులోకి తెచ్చిందెవరు?"

"అదీ ఆయనే."

"దేవుడిచ్చిన మొగుడమ్మా!" అంది వార్డెను. కొత్త టీచరు సబ్బునీళ్లు విసురుగా పారబోసింది.

వార్డెను ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నీ దగ్గర దాపరికమేముంది. పాటల పిల్లను మాస్టారికి చేద్దామని ప్రిన్సిపాలు గారి ఆలోచన. అమ్మా నాన్నా లేని పిల్ల. ఆదివారం అందరి ముందూ చెబుతారట. నోరు జారేవు!"

సాయంత్రం వరండాలో మాస్టారు ఎదురుపడ్డాడు.

"ఏం మాస్టారూ, పెళ్లికొడుకయ్యారట."

ఆయన అటూ ఇటూ చూశాడు. "మెల్లిగా! నేను ఒప్పుకోలేదు."

"కాదనలేదుగా."

"పెద్దాయన మొహం మీద కాదంటే ఏమైనా ఉందా? ముందు నీ ఉద్యోగం ఖాయం కానీ. తర్వాత నేనే నెమ్మదిగా చెబుతా."

"ఏమని?"

"ఏదో ఒకటి."

"ఆ పిల్ల నిజంగానే నమ్మింది."

"నమ్మనీ, మనకేం పోయింది?" పళ్ల సందున ఇరుక్కున్న కూర ముక్కను నాలుకతో పెకలించి మింగాడు. "నువ్వు నోరు తెరిచావా, నాతోపాటు నీకూ ఎసరే. గుర్తుంచుకో."

ఆమె ఆ మాట గుర్తుంచుకుంది. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆ చీదుడే వినిపించేది. తింటుంటే ఆ వేలే గుర్తొచ్చేది. అందరితోపాటు ఆమెన్ అనేది. అన్నాక నోరు కడుక్కోవాలనిపించేది.

శనివారం పాటల టీచరు మెట్ల కింది గదికి వచ్చింది. చెప్పులు బయటే విడిచి, మంచం చివర కూర్చుంది.

"అక్కా, మీరు ఆయన సంఘమేగా. చనిపోయిన ఆవిడ మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆవిడకు ఏ పాట ఇష్టమో చెబుతారా? పెళ్లిలో అదే పాడతాను. ఆవిడను తీసేసి ఆవిడ చోట్లో కూర్చున్నట్టు ఉండకూడదు నాకు."

"ఆవిడకు పాటలు రావమ్మా."

"పోనీ, మంచిదేనా?"

కొత్త టీచరు గోడ పెచ్చు ఒకటి గోటితో ఊడబెరికింది.

"పిరికిది" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ లేవనివ్వలేదు ప్రిన్సిపాలు. మాస్టారిని ఒక పక్క, పాటల టీచరును ఒక పక్క నిలబెట్టుకున్నాడు. ఆ పిల్ల ఇస్త్రీ మడత విప్పని చీర కట్టుకుంది.

"ఈయన్ని ఉద్యోగంలోకి ఎలా తీసుకున్నానో తెలుసా?" అన్నాడు. "ఫోనులో ఇంటర్వ్యూ. ‘మీ ఇంటావిడ ఏరయ్యా?’ అన్నాను. ‘నిద్రించిందండి’ అన్నాడు! చచ్చిపోయిందన్న ముక్క నోట రానివ్వలేదు చూడండి. అదీ విశ్వాసి మాట! ఏ సర్టిఫికెట్టూ అడగలేదు నేను. ఫోనులోనే ప్రార్థన చేసి, వచ్చెయ్యమన్నాను."

హాలంతా ఆమెన్ అంది. మాస్టారి భుజాలు అదరడం మొదలుపెట్టాయి.

"ఆ తల్లిని ఎరిగినది మనలో కొత్త టీచరొక్కర్తే. నిద్రించిన ఆ సహోదరి గురించి ఒక మంచి మాట చెప్పి, వీళ్లను దీవించమ్మా."

కొత్త టీచరు లేచింది. మాస్టారి ఏడుపు ఠక్కున ఆగింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆయన వైపు చూడలేదు, పాటల టీచరు వైపు చూసింది.

"నిద్రపోయిన మాట నిజమేనండీ, పరీక్ష పేపర్లు దిద్ది అలసిపోయి పక్క గదిలో పడుకున్నాను, లేచేసరికి ఈయన నన్ను సమాధి చేసేశాడు."