పచ్చరంగు ట్రామ్

"ఎవడో గానీ, వాడి చేతులు పడిపోను!"

హార్లన్ రంగు గీకే కత్తిని నేలకేసి కొట్టాడు. అతనికి కోపం ముక్కు మీదే ఉంటుంది.

అది వందేళ్ల నాటి ట్రామ్. పైనుంచి కింది దాకా పచ్చరంగు పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓ చిన్న ఊరి వలంటీర్లు దాన్ని మళ్లీ పట్టాల మీద నడపాలని ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం షెడ్డులో ఆ రంగే గీకుతున్నారు.

"గోడలకేసే రంగు ట్రామ్‌కేస్తారా? పొలంలో పడేసి ఇందులో కోళ్లను పెంచుకుని ఉంటారు, దరిద్రులు!"

"అరిచి లాభమేంటి? గీకు," అంది డోరిన్ శాండ్‌పేపర్ రుద్దుతూ.

తలుపు దగ్గర మడతకుర్చీలో ఉన్న ముసలావిడ లేచింది. నెలరోజులుగా శనివారం శనివారం బస్సెక్కి వస్తోంది. పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"బాబూ, ఒక్కసారి ఎక్కి కూర్చోనా? ఐదు నిమిషాలు చాలు."

"మళ్లీ మొదలెట్టావా? ముప్ఫై గంటలు పనిచేసినవాళ్లే ఎక్కాలి మామ్మా. ఇక్కడి రూలది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేనూ చేశాను బాబూ దీనికి పని."

"ఎప్పుడు, కలలోనా?"

అందరూ నవ్వారు.

"పోనీ ఎక్కనీ హార్లన్, అరిగిపోతుందా?" అంది డోరిన్.

"ఈవిణ్ణి ఎక్కిస్తే రేపు ఊరంతా ఎక్కుతుంది! వెళ్లు మామ్మా, మా పని చేసుకోనీ."

ఆవిడ కుర్చీ మడుచుకుని వెళ్లిపోయింది.

తర్వాత రెండు శనివారాలు రాలేదు. హార్లన్ పీడ వదిలిందనుకున్నాడు.

ఆ మరుసటి శనివారం వడ్రంగి వచ్చాడు. రంగు గీకిన చోటల్లా కలపలో సూది గుచ్చి చూశాడు. ఎక్కడా దిగలేదు.

"ఈ కాలం ట్రామ్‌లు ఆరు చూశాను. అన్నీ పుచ్చిపోయినవే. దీనికి మాత్రం ఎవరో ఏటేటా పగుళ్లు పూడ్చి రంగేశారు. వాళ్లకు దణ్ణం పెట్టుకోండి. ఆ రంగే లేకపోతే మీకు ట్రామే లేదు."

హార్లన్ ట్రామ్‌ను తమకు అప్పగించిన రైతు క్లైడ్‌కు ఫోన్ చేశాడు.

"దీనికి రంగేసిందెవరు క్లైడ్? బండి కదిలే రోజున ముందు వాళ్లనే ఎక్కిస్తాం."

"మా పెద్దమ్మ ఇర్మా. నలభై ఏళ్లు, మంచు కరగ్గానే బ్రష్షు పట్టేది. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడే మీకిచ్చేశాను. బయటికొచ్చాక శనివారం శనివారం మీ షెడ్డుకే వచ్చేదిగా!"

హార్లన్ తలుపు దగ్గర మడతకుర్చీ ఉండే చోటు వైపు చూశాడు.

"అడ్రసు చెప్పు. ఇప్పుడే వెళ్లి తీసుకొస్తా."

"మొన్న మంగళవారమే పాతిపెట్టాం."

"ఆవిణ్ణి అడక్కుండా ఎలా ఇచ్చావురా? సిగ్గులేదూ నీకు?"

"లేదు, ఒప్పుకుంటా. మరి మీకో? ఆవిడ ఇంట్లో ఆవిణ్ణే కాసేపు కూర్చోనివ్వలేదు."

"ఇల్లేంటి?"

"ఆ ట్రామేనయ్యా. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ మా పెద్దమ్మ కాపురం అందులోనే."