రబ్బరు గొట్టం

డాక్టరు జగన్నాథరావు గారి మోటారు సైకిలు కంటే ముందు దాని పెట్రోలు వాసన వచ్చింది.

శాంతయ్య తన రిపేరు షెడ్డులోంచి రోడ్డు మీదికి ఒక్క ఉరుకు ఉరికాడు. ఆ బండి కోసం పొద్దుటి నుంచీ కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు.

తెల్లవారకముందే బావమరిది ప్రేమదాసు వేదాద్రి నుంచి సైకిలు తొక్కుకుంటూ జగ్గయ్యపేట వచ్చాడు. పురిటికని పుట్టింటికి వెళ్ళిన భార్య రత్నమణికి రాత్రి నుంచీ నొప్పులు.

“బిడ్డ అడ్డం తిరిగిందంట బావా. మంత్రసాని నావల్ల కాదనేసింది. నే నందిగామ పోయి డాక్టరు గారిని పంపిస్తా. నువ్వు మాత్రం షెడ్డు కాడే ఉండు. ఆయన బండి సంగతి తెలుసుగా! నీ చెయ్యి పడకుండా పేట దాటితే ఒట్టు.”

తెలియకపోవటమేం! యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి అది. దానికి పెట్రోలు తాగటం కంటే కక్కటం మీదే మోజు. టాంకీ నుంచి ఇంజనుకు వచ్చే రాగి గొట్టం నిండా పగుళ్ళే. సీసంతో మాటు వేయటానికి ఇక చోటు లేదు. సబ్బు మెత్తి, గుడ్డ పీలిక చుట్టి నెట్టుకొస్తున్నారు. కొత్త గొట్టం మద్రాసు నుంచి రావాలి. అది వచ్చేలోగా బండే పోతుందని డాక్టరు గారే నవ్వేవారు.

అందుకే శాంతయ్య వేదాద్రికి పరుగెత్తలేదు. వెళ్ళి చేసేదేముంది, గడప బయట కూర్చుని ఆ అరుపులు వినటం తప్ప! ఇక్కడుంటే కనీసం బండిని దాటించవచ్చు. పేట తగలకుండా చిల్లకల్లు నుంచి చేలకడ్డంపడి వేదాద్రి పోయే దారి ఒకటి ఉన్నమాట నిజమే. కానీ ఈ వానలకు అది దారి కాదు, దుక్కి. బుద్ధున్నవాడెవడూ అందులోకి మోటారు దింపడు.

పొద్దెక్కింది. ఏడుగంటల బస్సు పోయింది, పదకొండు గంటల బస్సూ పోయింది. లారీలు పోతున్నాయి. బండి జాడ లేదు. ఇక రాదు, రత్నమణి దక్కదు అని మనసుకు చెప్పేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ వాసన.

డాక్టరు గారు షెడ్డు ముందు బండి ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నారు. గొట్టం నుంచి పెట్రోలు ధార కట్టి ఇంజను మీద పడుతోంది. చక్రాలకు ఇరుసుల దాకా నల్లరేగడి బురద.

“ఆలస్యమైపోయింది శాంతయ్యా” అన్నారు. “చిల్లకల్లు చేరకముందే గొట్టం విడిపోయింది. టాంకీ అంతా రోడ్డు పాలు. లారీవాడెవరో దయతలచి పోస్తేగానీ కదల్లేకపోయా.”

“దిగండి, ముందు దిగండి! చిటికెలో కట్టేస్తా. దీన్ని ఈ బురదలో ఎందుకు దింపారండీ?”

డాక్టరు గారు ఏదో చెప్పబోయారు. వినే ఓపిక ఎవరికుంది? శాంతయ్య అప్పటికే మోకాళ్ళ మీద కూలబడి, టాంకీ కుళాయి కట్టేసి, గొట్టం ఊడదీస్తున్నాడు.

“నిదానంగా చెయ్యి. చేతులు తెగుతాయి” అన్నారాయన బల్ల మీద కూర్చుంటూ. “పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నావా?”

శాంతయ్యకు ఒళ్ళు మండింది. అక్కడ ఆడమనిషి ప్రాణం మీదికొస్తే ఈ పెద్దమనిషికి తిండి గోల! వాచీ అయినా చూసుకోడేం?

గొట్టం చేతిలోనే రెండు ముక్కలైంది. మధ్యలో జానెడు మేర దేనికీ పనికిరాదు. అక్కడ తొడగటానికి ఏదన్నా కావాలి. సైకిలు వాల్వు ట్యూబు పెట్టి చూశాడు, మరీ సన్నం. లారీ గొట్టం మరీ లావు. డబ్బాలన్నీ బోర్లించాడు. షెడ్డంతా తిరగేశాడు.

“అయిపోయిందండీ” అంటూ నేల మీద చతికిలబడ్డాడు. “గొట్టం ముక్క దొరక్క నా రత్నమణి చచ్చిపోద్దండీ.”

డాక్టరు గారు లేచారు. సంచి తెరిచి స్టెతస్కోపు తీశారు. దాని రబ్బరు గొట్టాన్ని కాసేపు వేళ్ళతో నలిపి, శాంతయ్య ఒళ్ళో పెట్టారు.

“ఇది సరిపోతుందేమో చూడు.”

“అయ్యో, ఇదా? కోసేస్తే అక్కడ దాని గుండె ఎట్టా వింటారండీ?”

“కొయ్యి శాంతయ్యా.” ఆయన సంచి మూసేశారు.

శాంతయ్యకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇలాంటి మనిషినా తను తిట్టుకున్నది! ప్రభువు ఆలస్యంగానైనా కనికరించాడనుకున్నాడు. రబ్బరును జానెడు కోశాడు. పగిలిన చోట తొడిగి, రెండు కొసలా ఇనపతీగ బిగించాడు. పెట్రోలు తగిలితే ఈ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పాడైతే కానీ, ఇవాళ్టికి ఆగితే చాలు. కుళాయి తిప్పాడు.

చుక్క కారలేదు. వేలితో తడిమి చూశాడు. పొడిగా ఉంది.

కిక్కు కొట్టగానే ఇంజను అందుకుంది. ఇంతసేపటికి శాంతయ్య ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

“ఎక్కండి డాక్టరు గారూ! నేనూ వెనక కూచుంటా. తొందరగా పోతే బతికించుకోవచ్చు, కదండీ?”

డాక్టరు గారు బండెక్కారు. శాంతయ్య వెనక కూర్చునేదాకా ఆగి, ఇంజను ఆపేశారు. వెనక్కి తిరగకుండానే అన్నారు:

“నేను వేదాద్రి నుంచే వస్తున్నా శాంతయ్యా, బిడ్డ మాత్రం దక్కింది.”