వెనక స్ప్రింగు

సైకిళ్ల దుకాణంలో ఒక మనిషి నీలం సైకిలు మీదకు వంగి, దాని గొట్టానికి చెవి ఆనించి ఏదో వింటున్నాడు.

సైకిలు కొనడానికి వచ్చిన, కళ్లద్దాల దుకాణంలో పనిచేసే ఒకామెకు అది చూసి నవ్వొచ్చింది.

ఆదివారాలు అన్నయ్యతో కలిసి సైకిలు మీద ఊరవతలి కొండెక్కడం ఆమెకు ఈమధ్యే పట్టుకున్న పిచ్చి. కొండదారికి తగ్గ సైకిలు కావాలి. చేతిలో ఉన్న డబ్బుకు రెండే తేలాయి.

ఒకటి హార్డ్‌టెయిల్. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులోనే స్ప్రింగు, వెనక ఏమీ లేదు. బక్కగా, బోసిగా ఉంది.

రెండోది ఆ నీలం సైకిలు. ఫుల్ సస్పెన్షన్. ముందూ వెనకా స్ప్రింగులతో తళతళలాడుతోంది. ధర మాత్రం రెండింటికీ ఒకటే.

ఆమె చెయ్యి నీలం దాని మీదకే పోయింది.

“అది వద్దమ్మా,” అన్నాడా మనిషి.

ఈ ధరలో వెనక కూడా స్ప్రింగు పెట్టాలంటే ఇంకెక్కడో కోత పెట్టక తప్పదని, ఆ కోత బ్రేకుల్లోనో, బోల్టుల్లోనో, కంటికి ఆనని అతుకులోనో ఉంటుందని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఈ డబ్బుకు బోసిదే నమ్మకమైనదన్నాడు.

తర్వాత, ఆమెను కాక సైకిలునే చూస్తూ అన్నాడు.

“ఇది తెగే ముందు చిన్న చప్పుడు చేస్తుంది. గోరు విరిగినట్టు. దిగువకి దిగేటప్పుడు ఆ గాలి హోరులో ఎవరికీ వినపడదు.”



అంతలో ఆయన దుకాణదారు వైపు తిరిగి, నెలాఖరు దాకా ఆగితే ఆ నీలం సైకిలు తానే కొనుక్కుంటానని బతిమాలాడు.

ఓహో, ఇదా సంగతి అనుకుంది ఆమె. అక్కడికక్కడే డబ్బు కట్టేసి నీలం సైకిలు ఇంటికి తెచ్చుకుంది.

మూడోరోజు పొద్దున ఎవరికో కళ్లద్దాలు సరిచేస్తూ తలెత్తితే, రోడ్డుకు అవతల ఆయన నిలబడి ఉన్నాడు.

ఆమెను చూడటం లేదు. గుమ్మం పక్కన పెట్టిన సైకిలును చూస్తున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడు వాన కురిసినా కదలకుండా నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున్నే కొండకు బయలుదేరబోతే, మెట్ల కింద సైకిలుకు వెనక చక్రం లేదు.

చక్రం గోడకు ఆనించి ఉంది. విప్పిన బోల్టులన్నీ కాగితం మీద, చిన్నవి ముందు, పెద్దవి తర్వాత, వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

దొంగతనం జరిగి ఉంటే ఆమెకు అంత భయం వేసేది కాదు.

పై ఆదివారం అన్నయ్య తెల్లవారకముందే కాపు కాశాడు. పానా పట్టుకుని వంగిన మనిషిని కాలరు పట్టి లేపాడు.

ఆయన పెనుగులాడలేదు.

“చక్రం లేకపోతే ఇవాళ్టికి ఎక్కదు కదా బాబూ,” అన్నాడు, అంతే.

మళ్లీ ఈ వీధిలో కనపడితే మర్యాద దక్కదని చెప్పి అన్నయ్య గేటు అవతలకి పంపేశాడు. ఆయన మళ్లీ కనపడలేదు.

రెండు వారాల తర్వాత కొండ దిగుతోంది ఆమె. ఆ పూట గాలి లేదు. ఆకు కదలడం లేదు.

ఆమె కింద ఎక్కడో, గోరు విరిగినట్టు చప్పుడైంది.

ఆలోచించకుండానే బ్రేకులు నొక్కేసింది. సైకిలు ఆగీ ఆగకముందే ఫ్రేము రెండు ముక్కలైంది. ఆమె రాళ్ల మీద పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది.

అన్నయ్య ఆమెను లేపి కూర్చోబెట్టాడు. పది అడుగుల ముందు దారి మలుపు తిరుగుతోంది. మలుపు పక్కన అంతా లోయ. ఇద్దరూ చాలాసేపు దానికేసి చూడలేకపోయారు.

చేతికి కట్టుతోనే సైకిళ్ల దుకాణానికి వెళ్లి ఆ మనిషి చిరునామా అడిగింది. దుకాణదారు తలదించుకునే రాసిచ్చాడు.

తలుపు తీసిన ఇంటి యజమానురాలు, ఆయన పోయి వారమైందని చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బట, పాతదేనట. ఆ సామాను ఏం చెయ్యాలో తెలియక గది అలాగే ఉంచేసిందట.

గది తెరిచింది.

పైకప్పు నుంచి నీలం ఫ్రేములు వేలాడుతున్నాయి. ముప్పైకి పైనే ఉంటాయి. ప్రతి ఒక్కటీ ఒకేచోట, వెనక అతుకు దగ్గర, రంపంతో కోసి ఉంది. తలుపు గాలికి ఒకదాన్నొకటి తాకుతూ మెల్లగా ఊగాయి.

 ఆమె ఒక కోతను తడిమి చూసి అడిగింది.

“ఆయన ఈ సైకిలు మీద ఎవరినైనా పోగొట్టుకున్నారా? కొడుకునో, కూతురినో?”

“ఆయనకెవరూ లేరమ్మా,” అంది యజమానురాలు. “ఈ సైకిళ్లు చేసిన కంపెనీ మూతపడక ముందు, ఇవి కొండలకి పనికొస్తాయని పరీక్ష చేసి సంతకం పెట్టింది ఆయనేనట.”