మేడమ్ ఒడి

"నా చప్పట్లు ఆగేసరికి బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు లేచి పేరు చెప్పాలి. ఇవాళ స్కూలుకి ఎవరు తీసుకొచ్చారో కూడా చెప్పాలి. ఠీక్ హై?" అంది సుభద్ర హిందీలో.

సెలవుల తర్వాత మొదటిరోజు. రెండో తరగతి పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. వాళ్లలో సుభద్ర కూతురు వైశాలి కూడా ఉంది.

పొద్దున బ్లూలైన్ సిటీ బస్సు దిగగానే సుభద్ర కూతురి చెయ్యి వదిలేసింది. "క్లాసులో నేను అమ్మని కాదు, మేడమ్‌ని. తెలుగు మాట రాకూడదు. నాకు అందరూ ఒకటే. సరేనా?"

వైశాలి ఆరిందాలా తలూపింది.

చప్పట్లు ఆగాయి. బంతి ఫేబీ చేతిలో ఉంది. భీమవరం నుంచి కొత్తగా వచ్చిన నర్సుగారి అమ్మాయి, హిందీ ముక్క రాదు. బావురుమంది.

సుభద్ర పరుగున వచ్చి ఒళ్లోకి తీసుకుంది. "ఏడవకమ్మా, నా బుజ్జి బంగారం! ఎవరు తెచ్చారు నిన్ను?" అంది తెలుగులో.

"మా అమ్మ," అంది ఫేబీ వెక్కుతూ.

బుజ్జి బంగారం! జడ వేసేటప్పుడు వైశాలి ఒక్కదానికే దొరికే మాట అది. అయితే తెలుగు వద్దన్నది తనొక్కదానికేనన్నమాట.

మళ్లీ చప్పట్లు. ఈసారి బంతి వైశాలి దగ్గర ఆగింది.

"బోలో బేటా," అంది సుభద్ర, ఫేబీని దించకుండానే.

"నా పేరు వైశాలి, మేడమ్," అంది హిందీలో.

"ఎవరు తీసుకొచ్చారు?"

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే వచ్చాను."

బంతి పక్కవాడికిచ్చి కూర్చుంది.

పిల్లలు చప్పట్ల కోసం చూస్తున్నారు. సుభద్ర చేతులు కదల్లేదు.