చీనా మాస్టారి సాక్ష్యం

"ఇది మీరు నేర్పే పట్టేనా, కాదా? ఆ ఒక్క మాట చెప్పండి. సాయంత్రంలోగా వీణ్ణి కోర్టుకి పంపాలి," అన్నాడు తిరువూరు ఎస్సై.

అతను అడిగింది లియాంగ్ మాస్టారిని. రంగూన్ వదిలి వచ్చిన తెలుగు కుటుంబాల వెంట ఈ ఊరు చేరి, నబీ లారీ షెడ్డు వెనుక కుంగ్‌ఫూ నేర్పుకుంటున్న డెబ్బై ఏళ్ల చీనా మనిషి ఆయన. కుర్చీలో కూర్చున్న ఆదిశేషయ్య ముందు వంగి, గుడ్డకట్టు విప్పి, వాచిన మణికట్టును మామిడిపండు పక్వం చూసినట్టు మెల్లగా ఒత్తి చూస్తున్నాడు. కుర్చీ వెనుక ఆదిశేషయ్య భార్య ప్రేమావతి మందుసీసాతో నిలబడి ఉంది.

గోడవారన నేల మీద కూర్చున్న హన్నమ్మ మాస్టారి పెదవులకేసే చూస్తోంది. నిన్నటి నుంచి ఆమె అక్కడే ఉంది. మాస్టారి దగ్గర కుంగ్‌ఫూ నేర్చుకునే ఆమె కొడుకు ప్రభుదాసు లాకప్పులో ఉన్నాడు. మామిడితోటలో దారికాచి తన చెయ్యి విరిచాడని ఆదిశేషయ్య కంప్లయింటు. ఆ వేళకు తాను ఒంటరిగా మడి దున్నుతున్నానని ప్రభుదాసు మొత్తుకున్నాడు. ఎద్దులు వచ్చి సాక్ష్యం చెబుతాయా అని కానిస్టేబుల్ రాయప్ప నవ్వాడు. ఏడవడానికి కూడా హన్నమ్మకు ఓపిక మిగల్లేదు. ఇక చీనా మాస్టారు కాదంటేనే బిడ్డ ఇంటికి వస్తాడు.

మాస్టారు నడుము పట్టుకుని లేచాడు.

"నేను నేర్పే పట్టే."

"వాడు నా మాటైనా వినకుండా మీ మాట విన్నాడండి మాస్టారూ. అందుకేనా ఇది?" అంది హన్నమ్మ.

"అబద్ధం నాకు చేతకాదు హన్నమ్మా," అన్నాడాయన.

ఎస్సై కాగితం ముందుకు జరిపాడు. "ఇంకేం? పట్టు మీది, వీడు మీ శిష్యుడు. సంతకం పెట్టండి."

"పట్టు నాది. వాడు నా శిష్యుడే. కానీ ఈ పట్టు వాడికి రాదు."

"మరి రెండేళ్లుగా ఏం నేర్పారు?"

"నిలబడటం."

రాయప్ప పకపకా నవ్వాడు. "అది నేర్పడానికి చీనా నుంచి రావాలా అండీ? పదేళ్లుగా ఈ గుమ్మంలో నేను చేస్తున్నది అదేగా."

మాస్టారు నవ్వలేదు. "మా పద్ధతి అంతే. మోకాళ్లు వంచి, చేతులు చాచి, రోజూ గంటసేపు కదలకుండా నిలబడాలి. అలా మూడేళ్లు. కోపం కాళ్లలోంచి నేలలోకి దిగాక గానీ చేతులకు పని చెప్పం. ఈ ఊళ్లో మగవాళ్లెవరికీ ఇంకా మూడేళ్లు నిండలేదు."

"ఇతని కబుర్లు వింటూ కూర్చుంటారేంటండీ?" అన్నాడు ఆదిశేషయ్య విసుగ్గా. "ఇతను ఈ ఊళ్లో ఉండే పర్మిట్టు మీ చేతిలోనే ఉందిగా."

"ఉంది," అన్నాడు మాస్టారు అలసటగా. "ఏ ఊరెళ్లినా ఎవరో ఒకరు అది గుర్తుచేస్తూనే ఉంటారు. చెప్పాల్సింది చెప్పేస్తాను, తర్వాత మీ ఇష్టం. ఈ పట్టుతో ఎవరి మీదకీ వెళ్లలేం. అవతలివాడే వచ్చి జుట్టు పట్టుకుని లాగాలి. ఆ చేతిని తల మీదే రెండు చేతులతో అదిమిపెట్టి, దండం పెట్టినట్టు ముందుకు వంగాలి. అప్పుడే మణికట్టు ఇలా విరుగుతుంది. రాయప్పగారూ, ప్రభుదాసు జుట్టు పట్టుకోండి."

రాయప్ప ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టాడు. ప్రభుదాసు జుట్టు అరంగుళం ఉంటుందేమో. వేళ్లు జారిపోయాయి. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ జారిపోయాయి. ఈసారి అతను నవ్వలేదు.

"అయితే ఎవరి జుట్టు?" అన్నాడు ఎస్సై.

"నా దగ్గర నేర్చుకున్నవాళ్ల పేర్లు నేను చెప్పను. పట్టుకున్న ఆయన్నే అడగండి."

ఆదిశేషయ్య నేలకేసి చూశాడు. కుర్చీ వెనుక నుంచి సన్నని గొంతు వినిపించింది.

"నాదండి," అంది ప్రేమావతి. "మామిడితోటలో కాదు. మా వంటింట్లో."

ఇంట్లో మనిషి పేరు చెప్పుకోలేక ఆదిశేషయ్య పేటలో మనిషి పేరు రాయించాడన్నమాట. హన్నమ్మకు అది అర్థమవడానికి కొంతసేపు పట్టింది.

"ఆ ముక్క నిన్ననే చెప్పుంటే, నా బిడ్డ రాత్రంతా ఇక్కడ పడుండేవాడు కాదు కదమ్మా," అంది.

"నిన్న ధైర్యం చాల్లేదు హన్నమ్మా. తప్పు నాదే," అంది ప్రేమావతి.

ఎస్సై చెయ్యి ఊపాడు. రాయప్ప తాళం తీశాడు. బయటికి వచ్చిన కొడుకు భుజం పట్టుకుని హన్నమ్మ మెల్లగా లేచింది. ఆ భుజం మీదే బరువంతా మోపి నిలబడింది.

"మగవాళ్లకు మూడేళ్లన్నారు. మరి ఈవిడకు అప్పుడే ఎలా నేర్పారు?" అన్నాడు ఎస్సై.

"ఆయాసమనీ నడుంనొప్పనీ గురువారం గురువారం ఊళ్లో ఆడవాళ్లు ఊపిరి కసరత్తుకు వస్తారు," అన్నాడు మాస్టారు, చెప్పులు వేసుకుంటూ. "వాళ్ల ఒంటి మీద దెబ్బలు చూశాను. వాళ్లను నిలబడమనలేదు. ఆ మూడేళ్లూ వాళ్లు ఇళ్లలోనే నిలబడి వచ్చారు. అందరికీ ఈ ఒక్క పట్టే నేర్పాను."

ఎస్సై తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగాడు:

"మా ఆవిడ ఎన్ని గురువారాల నుంచి వస్తోందండీ మాస్టారూ?"