ఎదురింటి చెత్త

తెల్లవారకముందే ఊడ్చి నీళ్ళు చల్లిన వాకిలి ముందే దేవదూతలు ఆగుతారని, ఆ పూట తిండి అక్కడ పంచి వెళ్తారని మా నాయనమ్మ చెప్పేది.

మరి ఊడ్చే మనిషే లేని ఇంటిని దాటేసి వెళ్ళిపోతారా? ఈ సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది.

మర్గిలాన్ పట్నంలో మా వీధి చివర, అందరం పెద్దన్నగా అకా అని పిలిచే మమసాదిక్ ఇల్లు అలాంటిదే అయింది. భార్య ఇనోబత్ పోయాక ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బస్సు నడిపిన మనిషి. ఎండ పొడ కంటే ముందు లేచినవాడు. ఇప్పుడు నమాజుకు రాడు, గడ్డం గీసుకోడు. రొట్టె పెడితే ఈగలకు వదిలేస్తాడు.

మేం మాంసం చారు పట్టుకెళ్ళాం. దువా చేశాం. ఓర్చుకోమన్నాం.

"సరే" అనేవాడు. మళ్ళీ గోడ వైపు తిరిగేవాడు.

ఇలాగైతే ఈయనా ఆవిడ వెనకే పోతాడని వీధిలో చెప్పుకోవడం మొదలైంది.

ఆకులు రాలే కాలంలో ఆయన ఎదురింటి గదిలోకి సనోబర్ అక్క, మా మాటలో సనోబర్ ఆపా, అద్దెకు దిగింది. అరవై దాటిన ఒంటరి మనిషి. ఏ ఊరో, ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

వచ్చిన మర్నాడే, ఇంకా చీకటుండగా, మమసాదిక్ అకా తలుపు దబదబా బాదింది.

"అకా, మీ వాకిట్లో చెత్త నా వైపు ఎగిరొస్తోంది. తీయండి."

"నా వాకిట్లో చెత్త లేదు," లోపలినుంచే అన్నాడు.

"చూసి చెప్పండి. పడుకుని చెప్తే ఎలా?"

ఆయన గొణుక్కుంటూ బయటికొచ్చాడు. గుమ్మం ముందు మల్బరీ ఆకులు కుప్పగా ఉన్నాయి. ఆమె గుమ్మం నుంచి తన గుమ్మం దాకా చీపురు గీతలు తిన్నగా కనిపిస్తున్నాయి.

"ఇది నువ్వు నెట్టిందే."

"వీధి ఏటవాలు. అటు పొమ్మని ఆకులకు నేను చెప్పానా?"

ఆయనకు ఒళ్ళు మండింది. లోపలికెళ్ళి ఇనోబత్ జొన్నచీపురు తెచ్చి ఊడ్చాడు. కాలవలోంచి బకెట్టుతో నీళ్ళు తోడి చల్లాడు. అంతలో అజాన్ వినిపించింది. ఎలాగూ లేచాను కదా అని మసీదుకు వచ్చాడు.

మర్నాడూ ఆకులే. ఆ మర్నాడూ అంతే.

మసీదు దగ్గర మావాళ్ళు ఊరుకోలేదు.

"ఏం అకా, మన వీధికి కొత్త కోడలొచ్చిందట. తెల్లారకముందే మీ వాకిలి ఊడుస్తోందట."

"నవ్వండి. ఆ మహాతల్లి మీ ఎదురింట్లో దిగుంటే తెలిసేది."

ఆకులు నెడుతుండగా ఆమెను పట్టుకోవాలంటే ముందే లేవాలి. లేవాలంటే పెందలాడే నిద్రపట్టాలి. అందుకని పగలు బజారుదాకా నడిచేవాడు. నడిస్తే ఆకలేసేది. దేవదూతల సంగతి నాకు తెలియదు కానీ, ఆయన రొట్టె తిన్నాడు, గడ్డం గీసుకున్నాడు.

అయినా పెద్దమనిషిని రోజూ సతాయించడం మాకు నచ్చలేదు. నేనే వెళ్ళి అడిగాను.

"ఆపా, ఆయన భార్యను పోగొట్టుకున్నాడు. కాస్త జాలి చూపించండి."

"జాలి మీరంతా చూపించేశారుగా తమ్ముడూ. నాకేం మిగల్లేదు."

గయ్యాళి అనుకున్నాం. మా ఆడవాళ్ళు ఆమెను టీకి పిలవడం మానేశారు.

చలికాలం వచ్చింది. మమసాదిక్ అకాకు కొత్త ఆలోచన పట్టుకుంది.

"ఆవిడ ఇంట్లో ఉన్నది ఒక్క దానిమ్మ చెట్టు. వీధిలో చెట్లన్నీ మోడయ్యాయి. ఈ మల్బరీ ఆకులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

ఆమెనే అడిగాడు.

"వెతకండి అకా. తీరిక మనిషేగా."

వెతికాడు. ప్రతి గుమ్మం ముందూ ఆగి వాళ్ళ చెట్టు చూశాడు. చూసిన చోటల్లా టీ తాగాడు, కబుర్లు చెప్పాడు. ఆకుల జాడ మాత్రం తెలియలేదు.

మంచు కరిగే రోజుల్లో ఒక ఉదయం ఆయన వాకిలి శుభ్రంగా ఉంది.

"ఇవాళ లొంగిపోయింది," అన్నాడు నాతో.

మర్నాడూ శుభ్రంగానే ఉంది. చీపురు పట్టుకుని చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం బాగాలేదు తమ్ముడూ. పద, చూసొద్దాం."

ఎదురింటి తలుపు తీసే ఉంది. లోపల ఒక నడివయసు ఆవిడ పరుపులు మడతపెడుతోంది. సనోబర్ ఆపా కూతురట. కోకండ్ నుంచి వచ్చింది. ఆయన్ను తండ్రిలా ఆతా అని పిలిచింది.

"అమ్మ పోయింది ఆతా. గుండె జబ్బు చాన్నాళ్ళుగా ఉంది. మొన్న మా ఊరొచ్చినప్పుడు నిద్రలోనే పోయింది."

మమసాదిక్ అకా చేతులు పైకెత్తి దువా చేశాడు. అప్పుడే మూలనున్న గోనెసంచీ ఆయన కంటబడింది. మూతి దగ్గర ఎండుటాకులు.

"ఇవేంటమ్మా?"

"రోజూ సాయంత్రం స్టేషన్ వెనక తోటలో ఏరుకొచ్చేదట. ఎందుకమ్మా అంటే, ఒక మనిషిని లేపాలి అనేది."

ఆయన సంచీలోంచి ఒక మల్బరీ ఆకు తీసి చూశాడు.

"నేనెవరో ఆవిడకేం తెలుసు?"

"మీరు తెలియదు ఆతా. ఇనోబత్ అత్త తెలుసు. నా చిన్నప్పుడు పట్టు మిల్లులో అమ్మతో పనిచేసేది. మా నాన్న పోయాక అమ్మ మంచం దిగలేదు. అందరూ వచ్చి ఏడ్చి వెళ్ళారు. అత్త మాత్రం రోజూ పొద్దున్నే చిక్కుపడ్డ దారం తెచ్చి అమ్మ ఒళ్ళో పడేసి, సాయంత్రానికి విడదీసి పెట్టు, లేకపోతే నా ఉద్యోగం పోతుందని తిట్టి వెళ్ళేది."

ఆమె పరుపు పక్కన పెట్టి, సంచీ మూతి ముడివేసింది.

"మంచి దారాన్నే రాత్రి కూర్చుని చిక్కులు వేసి తెచ్చేదని అమ్మకు ఎన్నో ఏళ్ళకు తెలిసింది ఆతా. అత్త పోయిందని, మీరు లేవట్లేదని విన్న రోజున, ఆ బాకీ ఒక్కటి తీర్చి వస్తానని మూట కట్టుకుని మీ వీధికొచ్చింది."